పార్కిన్సన్స్‌లో నడుం నొప్పి, కీళ్ల నొప్పులు: గడియారం దగ్గర మొదలుపెట్టండి

పార్కిన్సన్స్ ఉన్నవాళ్లకి నడుమో భుజమో నొప్పి పుడితే చాలాసార్లు ఒకే తంతు జరుగుతుంది. ఎక్స్‌రే తీస్తారు, వయసుతో వచ్చే అరుగుదల కనిపిస్తుంది, నొప్పి మాత్రలు రాస్తారు. మాత్ర వేసుకున్నా నొప్పి తగ్గదు. కడుపు మంట మాత్రం కొత్తగా వచ్చి చేరుతుంది.

తగ్గకపోవడానికి ముఖ్యమైన కారణం ఒకటుంది. ఈ జబ్బులో నొప్పులన్నీ ఒకే రకం కావు. అరిగిన కీలు నుంచి వచ్చేది ఒకటైతే, పార్కిన్సన్స్ మందు ప్రభావం దిగిపోగానే కండరాలు బిగుసుకుని వచ్చేది మరొకటి. రెండోదానికి నొప్పి మాత్ర పెద్దగా పనిచేయదు. అందుకే నొప్పి ఎక్కడుంది అన్న ప్రశ్నతో పాటు ఎప్పుడొస్తోంది, ఎప్పుడు పోతోంది అన్నది కూడా తేల్చుకోవాలి. కింది పనులన్నీ ఆ క్రమంలోనే ఉన్నాయి. మొదటి మూడు దాటవేసి వ్యాయామాల్లోకో మాత్రల్లోకో వెళ్లకండి.

## 1. ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఒక నోటు పుస్తకం. చేతిరాత చిన్నదైపోయి ఇబ్బందిగా ఉంటే ఇంట్లోవాళ్లు రాయాలి, లేదా ఫోన్‌లో మాట్లాడి రికార్డు చేసుకోవాలి.
- వాడుతున్న మందులన్నిటి జాబితా: పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, ఏ వేళకి. బీపీ, గ్యాస్, నిద్ర, ఐరన్ మాత్రలు, దగ్గు సిరప్పులు, ఒంటికి అంటించుకునే మందు పట్టీలు అన్నీ అందులో ఉండాలి.
- ఇంట్లో వాడే బీపీ మిషన్.
- ఫోన్ కెమెరా.

కెమెరా ఎందుకంటే, డాక్టరు దగ్గరికి వెళ్లే వేళకి సాధారణంగా మందు బాగా పనిచేస్తూ ఉంటుంది. తెల్లవారుజామున మెలిపడిన పాదం అక్కడ మామూలుగా కనిపిస్తుంది. నొప్పి ఉన్నప్పుడు తీసిన అర నిమిషం వీడియో పది నిమిషాల వివరణ కంటే ఎక్కువ చెబుతుంది. నిలబడ్డప్పుడు పక్క నుంచి ఒక ఫోటో, వెనక నుంచి ఒక ఫోటో కూడా తీసి ఉంచండి.

## 2. వారం రోజుల నొప్పి చిట్టా

రోజూ నిద్ర లేచింది మొదలు పడుకునే దాకా, వీలైతే గంటకోసారి, లేదా నొప్పి మారినప్పుడల్లా ఐదు విషయాలు రాయండి:

- సమయం
- నొప్పి ఎక్కడ, 0 నుంచి 10లో ఎంత
- ఎలా ఉంది: పట్టేసినట్టా, గుంజినట్టా, మంటా, పోట్లా, షాక్ కొట్టినట్టా
- ఆ వేళకి ఒళ్లు ఎలా ఉంది: తేలిగ్గా కదులుతోందా, బిగుసుకుందా, తనంతట తాను ఊగుతోందా
- పార్కిన్సన్స్ మందు, భోజనం ఎన్నింటికి

ఉదాహరణకి ఒక పూట చిట్టా ఇలా ఉంటుంది:

5:10 – ఎడమ పాదం లోపలికి తిరిగింది, వేళ్లు ముడుచుకున్నాయి, నొప్పి 7. ఒళ్లంతా బిగుతు.
6:00 – మందు.
6:50 – పాదం వదులైంది, నొప్పి 2. నడక తేలిక.
9:20 – నడుం పట్టేసింది, 5. కుర్చీలోంచి లేవడం కష్టం.
10:00 – మందు.
10:45 – నడుం 2.
11:15 – మెట్లెక్కుతుంటే కుడి మోకాలు 5. నడక మాత్రం తేలిగ్గానే ఉంది.

ఈ ఏడు లైన్లలో రెండు వేరు వేరు నొప్పులున్నాయి. పాదం, నడుం మందుతో పాటే లేస్తూ పడుతున్నాయి. మోకాలికి మందు వేళతో సంబంధం లేదు, అది బరువు పడినప్పుడే నొప్పి పెడుతోంది. మొదటి రెండిటికీ న్యూరాలజిస్టు దగ్గర మందుల వేళలు సరిచేయించుకోవాలి. మోకాలికి తొడ కండరాల వ్యాయామం, పూత మందు కావాలి.

ఒక్కరోజు రాసి ఆపేస్తే ఉపయోగం లేదు. కనీసం నాలుగైదు రోజులు ఒకే తీరు కనబడితేనే నమ్మండి.

## 3. చిట్టాను ఎలా చదవాలి

మందు దిగే వేళ పెరిగి, మందు పట్టగానే తగ్గేది. బిగుతు వల్ల వచ్చే కండరాల నొప్పి ఇదే. నడుం, మెడ, భుజం, పిక్కల్లో ఎక్కువ. జబ్బు శరీరంలో ఏ పక్క మొదలైందో ఆ పక్కే తరచుగా ఎక్కువగా ఉంటుంది.

మెలితిరిగి పట్టేసేది. పాదం లోపలికి తిరగడం, బొటనవేలు పైకి లేవడం, మిగతా వేళ్లు ముడుచుకోవడం. తెల్లవారుజామున వస్తే రాత్రి మందు అయిపోయిందని అర్థం. మందు బాగా పట్టి ఉన్న వేళలో వస్తే సంగతి వేరు, మోతాదు ఎక్కువైందేమో డాక్టరు చూడాలి. రెండిటికీ చికిత్స దాదాపు ఎదురెదురు దిశల్లో ఉంటుంది కాబట్టి సమయం రాసుకోవడం ఇక్కడ అన్నిటికన్నా ముఖ్యం.

నిలబడితే వచ్చి, పడుకుంటే పోయే మెడ, భుజాల నొప్పి. దీన్ని చాలామంది మెడ ఎముకల అరుగుదల అనుకుంటారు. నిలబడగానే బీపీ పడిపోవడం వల్ల కూడా ఇది వస్తుంది. తేల్చుకోవడం సులువు: 5 నిమిషాలు పడుకుని బీపీ చూసుకోండి, లేచి నిలబడి 1 నిమిషానికి ఒకసారి, 3 నిమిషాలకి ఇంకోసారి చూడండి. పై అంకె 20, లేదా కింది అంకె 10 తగ్గితే ఆ రీడింగులు డాక్టరుకి చూపించండి. ఈ పరీక్ష చేసేటప్పుడు పక్కన మనిషి ఉండాలి.

ముందుకి వంగిపోవడంతో వచ్చే వెన్ను నొప్పి. నిలబడ్డా నడిచినా నడుం వంగిపోయి, పడుకోగానే వెన్ను తిన్నగా అయితే అది పార్కిన్సన్స్‌లో వచ్చే వంపు. కొందరు ఒక పక్కకి ఒరిగిపోతారు. పడుకున్నా వంపు తిన్నగా కాకపోతే కండరాలు, కీళ్లు కురచబారాయో, వెన్నుపూస నలిగిందో చూడాలి. కొత్త మందు మొదలెట్టిన కొద్ది వారాల్లోనే వంపు మొదలైతే ఆ మందు పేరు, మొదలెట్టిన తేదీ తప్పక చెప్పండి. కొన్ని మందుల వల్లే ఒరిగిపోవడం వస్తుంది, వాటిని మారిస్తే తగ్గే అవకాశం ఉంది.

భుజం ఎత్తలేకపోవడం. భుజం పట్టేయడం పార్కిన్సన్స్‌లో మామూలు. వణుకు కంటే ముందే కొందరికి ఇది కనిపిస్తుంది. నడిచేటప్పుడు చేయి ఊగకపోవడంతో కీలు వాడుక తగ్గి బిగుసుకుంటుంది.

నడుం నుంచి కాల్లోకి గీతలా పాకేది. తిమ్మిరి, షాక్ కొట్టినట్టు ఉండటం నరం నొక్కుకున్న గుర్తులు. పార్కిన్సన్స్ ఉందని దీన్ని వదిలేయకూడదు.

ఎక్కడో చెప్పలేని మంట, సలుపు. కీలు కదిపినా కదపకపోయినా ఒకేలా ఉంటుంది. దీనికి మర్దన, కాపడం పెద్దగా పనిచేయవు. న్యూరాలజిస్టుకే చెప్పాలి.

చీలమండల వాపు చూసి కీళ్ల జబ్బు అనుకోవడం కూడా జరుగుతుంటుంది. అమంటాడిన్, ప్రామిపెక్సోల్, రోపినిరోల్ వంటి పార్కిన్సన్స్ మందుల వల్ల పాదాలు వాచవచ్చు. అమంటాడిన్‌తో చర్మం మీద వలలాంటి ఊదారంగు మచ్చలు కూడా రావచ్చు.

## 4. మందు వేళలు: మీరు చేయగలిగేది, డాక్టరు చేయాల్సింది

మోతాదు మార్చడం డాక్టరు పని. వేసుకునే తీరు మాత్రం మీ చేతిలో ఉంది. చాలామందికి తేడా అక్కడే వస్తుంది.

- పార్కిన్సన్స్‌కి ప్రధానంగా ఇచ్చే లెవోడోపా మాత్ర భోజనానికి కనీసం అర గంట ముందు, లేదా తిన్న గంట తర్వాత. మాంసకృత్తులు ఎక్కువగా ఉన్న తిండితో కలిస్తే మందు రక్తంలోకి, మెదడులోకి చేరడం తగ్గుతుంది. వికారం వస్తే రెండు బిస్కెట్లలాంటి తేలికపాటి తిండితో వేసుకోవచ్చు.
- ఐరన్ మాత్రకి, లెవోడోపాకి కనీసం 2 గంటల ఎడం.
- నెమ్మదిగా విడుదలయ్యే రకం మాత్రను నలపకండి, నమలకండి.
- ఫోన్‌లో ప్రతి డోసుకీ అలారం. అర గంట ఆలస్యం కూడా కొందరికి నొప్పిగా మారుతుంది.
- మలబద్ధకాన్ని పట్టించుకోండి. పేగు కదలిక మందగిస్తే మాత్ర పనిచేయడం కూడా ఆలస్యమవుతుంది, ముక్కడం వల్ల నడుం మీద భారం పడుతుంది.

నొప్పి ఎక్కువైందని మీ అంతట మీరు లెవోడోపా పెంచకండి. అలాగే ఎవరు చెప్పినా హఠాత్తుగా ఆపకండి. ఉన్నట్టుండి ఆపితే తీవ్రమైన బిగుతు, జ్వరం, స్పృహ తప్పడం దాకా వెళ్లే ప్రమాదం ఉంది.

## 5. తెల్లవారుజామున పాదం పట్టేస్తే

1. మొదటి డోసు, నీళ్లు రాత్రే మంచం పక్కన పెట్టుకోండి. డాక్టరు చెప్పిన వేళకి, మంచం దిగకముందే వేసుకోండి.
2. దుప్పటి పాదాల మీద బరువుగా, బిగుతుగా ఉండకూడదు. అది వేళ్లను కిందికి నొక్కుతుంది.
3. మంచం అంచున కూర్చుని రెండు పాదాలూ నేలకి ఆనించండి. మడమ నేల మీదే ఉంచి, మోకాలిని కొద్దిగా ముందుకి తీసుకెళ్లండి. పిక్క సాగుతుంది.
4. మోకాలి మీద ఇంకో కాలు వేసుకుని, ముడుచుకున్న వేళ్లను చేత్తో నెమ్మదిగా పైకి లాగి 30 సెకన్లు పట్టుకోండి. మూడుసార్లు. గుంజి లాగితే కండరం ఇంకా బిగుసుకుంటుంది.
5. పాదం వదులయ్యే దాకా నడవకండి. ముడుచుకున్న వేళ్ల మీద అడుగు వేస్తే పడిపోతారు.

రోజూ ఇదే జరుగుతుంటే రాత్రి డోసు మార్చడం, తెల్లవారుజామున నీళ్లలో కరిగే రకం ఇవ్వడం లాంటి దారులున్నాయి. మందుల మార్పుతో తగ్గకపోతే ఆ కండరంలోకి దాన్ని వదులు చేసే బొటులినం టాక్సిన్ ఇంజెక్షన్ ఇస్తారు. దాని ఫలితం సుమారు 3 నెలలు ఉంటుంది, మళ్లీ వేయించుకోవాలి.

## 6. వ్యాయామం: వేళ, వరస, లెక్క

మందు పట్టి ఒళ్లు తేలిగ్గా ఉన్నప్పుడే చేయాలి. డోసు వేసుకున్న 45 నిమిషాల నుంచి గంట తర్వాత అయితే ఎక్కువమందికి సరిపోతుంది. మీ చిట్టా మీ వేళ చెబుతుంది. బిగుసుకున్నప్పుడు బలవంతంగా సాగదీయడం నొప్పిని పెంచుతుంది, మర్నాడు చేయబుద్ధి కాకుండా చేస్తుంది.

వరస కూడా ముఖ్యమే: ముందు పడుకుని, తర్వాత కూర్చుని, చివర నిలబడి.

పడుకుని

1. గట్టి పరుపు మీద వెల్లకిలా 10 నిమిషాలు. మోకాళ్లు మడిచి, చేతులు పక్కలకి చాపి. తల వాలకపోతే తలగడ పెట్టుకోండి, కొన్ని వారాల్లో దాని ఎత్తు కొద్దికొద్దిగా తగ్గించండి. ముందుకి వంగిన వెన్నుకి దీన్ని మించిన ఉపశమనం తక్కువ.
2. మోకాళ్లు కలిపి ఉంచి రెండు పక్కలకీ నెమ్మదిగా వాల్చడం, పక్కకి 10 సార్లు. భుజాలు పరుపు వదలకూడదు.
3. మోకాళ్లు మడిచి పిరుదులు పైకెత్తడం, 3 నుంచి 5 సెకన్లు ఆపడం, 8 నుంచి 10 సార్లు. ఊపిరి బిగబట్టకండి, బయటికి వినపడేలా లెక్కపెడుతూ చేయండి.
4. కర్రను రెండు చేతులా పట్టుకుని తల మీదుగా వెనక్కి, నొప్పి మొదలయ్యే దాకా మాత్రమే, 10 సార్లు. పట్టేసిన భుజాన్ని బాగున్న చేయి మోసుకెళుతుంది.

కూర్చుని

5. ఒక చేతిని పక్కకి బారుగా తెరుస్తూ, చూపు ఆ వేళ్ల మీదే పెట్టి, నడుం పైభాగం తిప్పడం. పక్కకి 8 సార్లు.
6. కుర్చీలోంచి లేచి కూర్చోవడం, 8 నుంచి 10 సార్లు. పాదాలు వెనక్కి, ముక్కు మోకాళ్ల ముందుకి, అప్పుడు లేవాలి. కూర్చునేటప్పుడు కూలబడకుండా మూడు లెక్కపెడుతూ దిగండి. మోకాళ్ల నొప్పికి కూడా ఇదే మంచి వ్యాయామం.

నిలబడి

7. గోడకి వీపు ఆనించి, మడమలు గోడకి నాలుగు వేళ్ల దూరంలో. పిరుదులు, భుజాలు, వీలైతే తల గోడకి తాకించి 30 సెకన్లు. మూడుసార్లు. తల తాకకపోతే గడ్డం పైకెత్తి తాకించకండి, మెడ పట్టేస్తుంది. ఎదురుగా బరువైన కుర్చీ వీపు చేతికందేలా ఉండాలి.

వారానికి ఐదు రోజులు, 20 నిమిషాల చొప్పున సరిపోతుంది. వ్యాయామంతో నొప్పి 0 నుంచి 10 లెక్కలో 2 దాకా పెరిగి (ఉదాహరణకి 3 నుంచి 5కి) గంటలో సర్దుకుంటే కొనసాగించండి. మర్నాటికీ తగ్గకపోతే లెక్క సగం చేయండి, పూర్తిగా మానకండి. వెన్నుపూస విరిగిన చరిత్ర ఉంటే, ఎముకలు బలహీనమని తేలితే ఫిజియోథెరపిస్టు చూశాకే మొదలుపెట్టండి. అలాంటివాళ్లు ముందుకి వంగి పాదాలు అందుకునే వ్యాయామాలు చేయకూడదు.

## 7. మంచం, కుర్చీ, కర్ర

రాత్రంతా ఒకే పక్క పడుకుండిపోవడం వల్లే చాలామందికి పొద్దున నడుం, తుంటి నొప్పి పెడతాయి. పక్కకి తిరగలేకపోవడమే అసలు సమస్య. నడుం నుంచి తొడల దాకా నున్నటి, జారే బట్ట పరవండి. పాదాల కింద అది ఉండకూడదు, పాదానికి పట్టు కావాలి. తిరిగేటప్పుడు మోకాళ్లు మడిచి, తల, చేతులు ముందు తిప్పి, తర్వాత మోకాళ్లు వాల్చండి. మరీ మెత్తటి పరుపు తిరగనివ్వదు.

కుర్చీలో కూర్చుంటే తుంటి మోకాలి కంటే కాస్త ఎత్తులో ఉండాలి. దిగబడే సోఫా నడుం నొప్పికి, లేవలేకపోవడానికి రెండిటికీ కారణమవుతుంది. అర గంటకోసారి లేవండి.

కర్ర, వాకర్ ఎత్తు కొలిచే పద్ధతి: రోజూ వేసుకునే చెప్పులతో నిలబడి, చేయి పక్కకి వదిలేస్తే మణికట్టు మడత ఎక్కడుంటుందో పిడి అక్కడుండాలి. పొట్టి వాకర్ వంపును పెంచుతుంది. మనిషి వంగిపోయి ఉన్నప్పుడే కొలిచి, ఆ ఎత్తుకే బిగించేయడం తరచూ జరిగే తప్పు. మందు పట్టి, వీలైనంత తిన్నగా నిలబడినప్పుడు కొలవాలి.

## 8. కాపడం, యంత్రాలు

బిగుతు నొప్పికి వేడి కాపడం 15 నుంచి 20 నిమిషాలు, మధ్యలో బట్ట ఉంచి. నిద్రపోయే ముందు పెట్టుకుని అలాగే నిద్రపోకండి.

రెండు హెచ్చరికలు మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోండి.

రోటిగోటిన్ అనే పార్కిన్సన్స్ మందు పట్టీ అంటించుకున్న చోట కాపడం పెట్టకూడదు. వేడికి మందు ఒక్కసారిగా ఎక్కువగా ఒంట్లోకి వెళుతుంది. వెన్నుకి ఎంఆర్ఐ తీసే ముందు ఆ పట్టీ తీసేయాలి, దాని పొరలో అల్యూమినియం ఉంటుంది.

డీబీఎస్ పరికరం (మెదడులోకి తీగలు అమర్చి విద్యుత్ ప్రేరణ ఇచ్చేది) ఉన్నవాళ్లకి డయాథెర్మీ, అంటే యంత్రంతో ఒంటి లోపలి భాగాలకి వేడి పుట్టించే చికిత్స, ఏ రూపంలోనూ చేయకూడదు. షార్ట్‌వేవ్, మైక్రోవేవ్, అల్ట్రాసౌండ్ చికిత్స అన్నీ ఇందులోకే వస్తాయి. ఆ శక్తి తీగల వెంట మెదడులోకి చేరి ప్రాణాపాయం కలిగించగలదు. ఫిజియోథెరపీ మొదటి రోజే, యంత్రం దగ్గర పడుకోకముందే ఈ మాట చెప్పండి. చర్మం మీద నుంచి చిన్న కరెంటు ఇచ్చి నొప్పి తగ్గించే టెన్స్ యంత్రానికి కూడా డీబీఎస్ చూసే డాక్టరు అనుమతి కావాలి.

## 9. నొప్పి మాత్రలు: ఏవి, ఎంతవరకు, వేటితో వద్దు

పారాసిటమాల్ మొదటి మెట్టు. ఒకసారికి 500 నుంచి 1000 మిల్లీగ్రాములు, కనీసం 4 నుంచి 6 గంటల ఎడంతో. పెద్దలకి 24 గంటల్లో గరిష్ఠం 4 గ్రాములు. బరువు 50 కిలోల లోపు ఉన్నా, పెద్ద వయసైనా, కాలేయ సమస్య ఉన్నా అంతకంటే తక్కువే, అదెంతో డాక్టరు చెప్పాలి. జలుబు మాత్రల్లోనూ పారాసిటమాల్ ఉంటుంది, దాన్నీ లెక్కలో కలపండి.

పూత మందులు మోకాలు, చేతి వేళ్ల కీళ్లకి బాగా ఉపయోగపడతాయి. డైక్లోఫెనాక్ జెల్ రాసిన చోట కాపడం పెట్టకండి.

ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ మాత్రలు కీలు వాచినప్పుడు కొద్ది రోజులకే. కడుపులో పుండు, బీపీ, కిడ్నీ, గుండె సమస్యలుంటే అడగకుండా వద్దు. బీపీ మాత్రతో పాటు మూత్రం ఎక్కువగా పోయే మాత్ర కూడా వాడుతుంటే కిడ్నీ మీద భారం మరీ ఎక్కువ.

ట్రామడాల్, పెథిడిన్ అనే గట్టి నొప్పి మందులు: పార్కిన్సన్స్‌కి సెలిజిలిన్, రాసాజిలిన్, సఫినమైడ్ వాడేవాళ్లకి ఇవి ప్రమాదకరం. జ్వరం, వణుకు, గందరగోళం, గుండె దడతో ప్రాణం మీదకి రావచ్చు. ట్రామడాల్ చాలాసార్లు పారాసిటమాల్‌తో కలిపి ఒకే మాత్రగా వస్తుంది, కాబట్టి అట్ట మీద చిన్న అక్షరాలు చదవండి. దగ్గు సిరప్పుల్లో ఉండే డెక్స్‌ట్రోమెథార్ఫాన్‌కీ ఇదే హెచ్చరిక.

ప్రీగాబాలిన్, గాబాపెంటిన్ నరాల నొప్పికి ఇస్తారు. మగత, తూలడం తెస్తాయి. రాత్రి తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, మొదటి వారం బాత్రూముకి వెళ్లేటప్పుడు తోడు ఉండాలి.

నొప్పి మాత్రతో పాటు రాసే జత మందుల్లోనే ఎక్కువ దెబ్బ తగులుతుంది. వాంతికి మెటోక్లోప్రమైడ్, ప్రోక్లోర్‌పెరజిన్, గ్యాస్ మాత్రలో కలిసొచ్చే లెవోసల్పిరైడ్ మెదడులో డోపమైన్‌కి (కదలికలకి అవసరమైన, పార్కిన్సన్స్‌లో తగ్గిపోయే రసాయనానికి) అడ్డుపడతాయి. బిగుతు పెరుగుతుంది, దాంతో నొప్పీ పెరుగుతుంది. గ్యాస్ మాత్ర మార్చిన వారానికి నడక మందగిస్తే మొదట ఆ అట్టనే చూడండి.

మందుల దుకాణంలో అడగాల్సిన ప్రశ్న ఇది: “నేను పార్కిన్సన్స్‌కి ఫలానా మందు వాడుతున్నాను, దీనితో కలిపి వేసుకోవచ్చా?” మందు పేరు చెప్పకుండా “నొప్పికి ఏదైనా ఇవ్వండి” అని మాత్రం అడగకండి.

## 10. పొరపాట్లు, వాటికి సవరణలు

- నొప్పి తగ్గలేదని వ్యాయామం మానేయడం. కదలకపోతే బిగుతు పెరిగి నొప్పి ఇంకా ఎక్కువవుతుంది. లెక్క తగ్గించి కొనసాగించండి.
- నడుం బెల్టు రోజంతా కట్టుకోవడం. పొట్ట, వెన్ను కండరాలు పని మానేస్తాయి. ప్రయాణంలోనో, బరువు పనిలోనో గంటసేపు చాలు.
- మెడ కింద రెండు తలగడలు. వంగిన మెడను రాత్రంతా ఇంకా వంచి ఉంచినట్టే.
- మోకాలికి, నడుముకి, భుజానికి ముగ్గురు డాక్టర్లు, మూడు చీటీలు. జాబితా ఒకటే ఉండాలి, అందరికీ అదే చూపించాలి.
- ఎముకల పరీక్ష వాయిదా వేయడం. పార్కిన్సన్స్‌లో ఎముకలు పలచబడటం, పడిపోవడం రెండూ ఎక్కువ. ఎముకల సాంద్రత, విటమిన్ డి పరీక్షలు చేయించమని మీరే అడగండి.

## 11. చిట్టా పక్కన పెట్టి వెంటనే వెళ్లాల్సిన వేళ

- పడిన తర్వాత, లేదా చిన్న కుదుపుకే, వెన్నులో కొత్తగా వచ్చిన తీవ్రమైన నొప్పి
- మూత్రం, మలం మీద అదుపు పోవడం, మూత్రం రాకపోవడం, తొడల మధ్య తిమ్మిరి
- కాలు ఉన్నట్టుండి బలహీనపడటం
- జ్వరంతో వెన్ను నొప్పి, లేదా ఒక కీలు ఎర్రగా వేడిగా వాచడం
- కారణం లేకుండా బరువు తగ్గుతూ, రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వని నొప్పి
- భుజం నొప్పితో పాటు ఛాతీ బరువు, చెమట, ఆయాసం

ఆసుపత్రికి వెళ్లేటప్పుడు మందుల జాబితాతో పాటు పార్కిన్సన్స్ మాత్రలు కూడా వెంట తీసుకెళ్లండి. అక్కడ చేర్చుకుంటే డోసులు మీ వేళలకే అందాలని, వాంతి మందు అవసరమైతే పైన చెప్పినవి ఇవ్వొద్దని చేరిన వెంటనే నర్సుకి చెప్పి, కేసు షీటులో రాయించండి.